ఎవరి పనికి వాళ్ళ దీపం

ముంబై చాల్ ఖోలీలో, అంటే ఒంటిగది ఇంట్లో, కుట్టుమిషనుకూ నడిమధ్య ట్యూబ్‌లైటుకూ ఎందుకు పొసగదు? ఒక్కో దీపానికి ఒక్కో స్విచ్ పెడితే ఏం మారుతుంది?

నల్ల బట్ట మీద నల్ల దారంతో కుట్టు వేయాలంటే, రాత్రిపూట ఎంత చేయి తిరిగిన టైలరైనా తడబడతాడు. గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. దాని కింద పేపరు చదవొచ్చు, బియ్యంలో రాళ్ళు ఏరొచ్చు. సూది దగ్గరికి వచ్చేసరికి మాత్రం చీకటి. అదే టైలరు దారం రంగు బట్టతో కలిసిందో లేదో చూడాలంటే రీలు, గుడ్డముక్క పట్టుకుని గ్యాలరీలోకి నడుస్తాడు. లోపల ఒక్కటిగా కనిపించిన రెండు రంగులు బయట పగటి వెలుగులో వేరైపోతాయి. ఇక రాత్రి పని ముగించి స్విచ్ ఆపితే, ఆపిన ఎల్ఈడీ బల్బు కాసేపటికోసారి మిణుక్కుమంటుంది.

ఈ మూడు చిక్కులూ కంటి జబ్బు వల్ల వచ్చినవి కావు, బల్బు చెడిపోయి వచ్చినవీ కావు. దీపం పైన ఎక్కడ వేలాడుతోంది, దాని వెలుగులో ఏ రంగులున్నాయి, దాని స్విచ్ ఎవరికి అందుతుంది, ఆ స్విచ్ ఏ తీగను తెంపుతోంది అన్న నాలుగు విషయాల్లోనే వాటి జవాబులున్నాయి.

ఇల్లే కార్ఖానా అయిన చోట

ముంబై సెంట్రల్, గ్రాంట్ రోడ్ స్టేషన్లకు దగ్గర్లో ఉండే ఫోరస్ రోడ్‌కు ఇప్పుడు అధికారికంగా ఆర్.ఎస్. నిమ్కర్ మార్గ్ అని పేరు. దాన్ని ఆనుకునే నంబర్లతో పిలిచే కామాటిపుర గల్లీలున్నాయి. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం ఇలాకాలోంచి వచ్చి ముంబైలో రాళ్ళెత్తి గోడలు కట్టిన కామాఠీల పేటే ఇది. ఆ తర్వాత తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాలు వదిలి పద్మశాలీలు బట్టల మిల్లుల్లోకి వచ్చారు. బయటివాళ్ళు ఈ వీధిలో పడుపు వృత్తి ఒక్కదాని గురించే రాశారు. ఇక్కడ తరాలుగా కుట్టిన బట్టలు, చుట్టిన బీడీలు, చేసిన సంచుల గురించి రాసింది తక్కువ.

1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. వాళ్ళలో ఎంతోమందికి మళ్ళీ మిల్లు గేటు తెరుచుకోలేదు. పని ఖోలీల్లోకి వచ్చింది. పది అడుగులకు పన్నెండడుగుల గది అనుకోండి. ఒక గోడకు మిషను, కిటికీ దగ్గర కట్టింగ్ బల్ల, మూల వంట గట్టు, పైన సామాను మాళా. రాత్రి పదింటికి ఒకరు కాజాలు కుడుతుంటారు, ఒకరు పరీక్షకు చదువుతుంటారు, చంటిదాన్ని నిద్రపుచ్చాలి. మధ్యలో ఒకే ట్యూబ్‌లైటు, గుమ్మం పక్కన ఒకే స్విచ్. వేస్తే అందరికీ వెలుగు, ఆపితే అందరికీ చీకటి.

ఇక్కడ లోపం దీపం చాలకపోవడం అనుకుంటారు, ఇంకా పెద్ద ట్యూబు తెచ్చి అదే చోట బిగిస్తారు. చెదిరేది నిద్రపోయేవాళ్ళ నిద్ర, కుట్టేవాళ్ళ సూది మాత్రం అంతే మసకగా ఉంటుంది. దీన్ని కొంచెం విడదీసి చూడాలి.

బల్బు నుంచి బట్ట దాకా

బల్బు డబ్బా మీద రాసి ఉండే లూమెన్లు బల్బు మొత్తం మీద విరజిమ్మే వెలుగు లెక్క. మన పనికి కావలసింది అది కాదు, అందులో బట్ట మీద ఎంత పడింది అన్నది. ఒక చదరపు మీటరు మీద ఒక లూమెన్ సమంగా పరుచుకుంటే ఒక లక్సు. ఎండ కాసే మిట్టమధ్యాహ్నం ఆరుబయట లక్ష లక్సుల దాకా ఉంటుంది. నిండు పున్నమి వెన్నెల అర లక్సు కూడా ఉండదు. మన కన్ను ఈ రెంటి మధ్యా సర్దుకోగలదు. అందుకే కంటికి "బాగానే వెలుగుంది" అనిపించడాన్ని నమ్మకూడదు. కన్ను సర్దుకుపోతూ కష్టాన్ని మనకు చెప్పదు, సాయంత్రానికి తలనొప్పి రూపంలో చెబుతుంది.

వెలుగు దూరం పోయేకొద్దీ పలచబడుతుంది, అదీ చాలా వేగంగా. దూరం రెట్టింపైతే అదే వెలుగు నాలుగు రెట్ల చోటు మీద పరుచుకుంటుంది, కాబట్టి బట్ట మీద పడేది నాలుగో వంతే. 9 వాట్ల మామూలు ఎల్ఈడీ బల్బు సుమారు 800 లూమెన్లు ఇస్తుంది. అది దాదాపు అంతా కిందివైపే పరుచుకుంటుందనుకుంటే, రెండు మీటర్ల కింద పడేది సుమారు 30 లక్సులు. మీటరు దూరానికి దించితే 125 దాటుతుంది. అర మీటరుకు తెస్తే 500. బల్బు అదే, కరెంటు అదే. తెల్ల సున్నం వేసిన గోడలు కొంత వెలుగును తిప్పి పంపుతాయి గనుక అసలు గదిలో అంకెలు కాస్త మెరుగ్గానే ఉంటాయి. కానీ గోడ పొగచూరితే, మాళా అడ్డొస్తే ఆ లాభం పోతుంది.

కుట్టుపనికి 750 లక్సులు, కుట్టిన బట్టలో లోపాలు వెతకడానికి 1000 లక్సులు ఉండాలని ఐరోపా ప్రమాణం చెబుతుంది. పదడుగుల ఎత్తున కప్పుకు బిగించిన ఒక్క దీపంతో గదంతా ఆ వెలుగు తేవాలంటే గదిలో కళ్ళు తెరవలేం. ఆ వెలుగు కావలసింది సూది చుట్టూ ఒక జానెడు మేర. దాన్ని అక్కడే కురిపించడం సులువు, చవక.

వయసు మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అరవై ఏళ్ళ మనిషి కంటి వెనుక పొరను చేరే వెలుగు ఇరవై ఏళ్ళ కుర్రవాడితో పోలిస్తే దాదాపు మూడో వంతే. కనుపాప అంతగా విచ్చుకోదు, లోపలి కటకం పసుపుబారుతుంది. ఇంట్లో చిన్నవాడు "ఈ లైటు చాలదా నానమ్మా?" అంటే వాడికి నిజంగానే చాలుతుంది. ఆమెకు చాలదు. ఒకే గదిలో ఒకే పని చేసే ఇద్దరికి వేర్వేరు దీపాలు అవసరమనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

తన నీడ తనకే అడ్డం

మిషను గోడవైపు ఉంటుంది, కుట్టేవాళ్ళు గోడకు ముఖం పెట్టి కూర్చుంటారు. దీపం గది నడుమ, అంటే వీపు వెనుక. తల వంచగానే తలా భుజాలూ కలిసి వెలుగును అడ్డుకుంటాయి. నీడ సరిగ్గా సూది మీద పడుతుంది. ఇక్కడ ట్యూబు పెద్దది చేసినా నీడ పోదు, నీడ చుట్టూ ఉన్న చోటు ఇంకా మెరుస్తుంది. ఆ మెరుపు పక్కన నీడలో ఉన్న సూది మరింత నల్లగా కనిపిస్తుంది.

మిషను నిర్మాణం చూస్తే దీపం ఎటు ఉండాలో తెలిసిపోతుంది. కుడివైపు చక్రం, అక్కడి నుంచి ఎడమకు సాగిన ఇనుప చేయి, దాని చివర సూది. కుడివైపు దీపం పెడితే ఆ ఇనుప చేయే సూదికి అడ్డు. కాబట్టి కుట్టేవాళ్ళకు ఎడమవైపున, కాస్త ముందుకు, నుదుటి కన్నా ఎత్తులో, కంట్లో సూటిగా పడకుండా ఉండాలి. కత్తిరించే బల్లకు ఈ లెక్క కుదరదు. అక్కడ మనిషి బల్ల చుట్టూ తిరుగుతాడు, ఏ ఒక్క పక్కన పెట్టినా ఏదో ఒక క్షణంలో నీడ పడుతుంది. బల్ల పొడవునా రెండు పట్టీ లైట్లు వేస్తే ఒకదాని నీడను రెండోది చెరుపుతుంది.

అన్నీ ఒకేసారి వేయొచ్చు కదా, ఒక్కో దానికి స్విచ్ ఎందుకు అని అడగొచ్చు. నల్ల బట్ట దగ్గరికి వెళితే జవాబు దొరుకుతుంది.

నల్ల బట్టా నల్ల దారమూ రెండూ తమ మీద పడిన వెలుగులో చాలా కొంచెమే తిప్పి పంపుతాయి. రంగు తేడాతో దారాన్ని పట్టుకోలేం. దారం బట్ట మీద వెంట్రుకవాసి ఎత్తున ఉంటుంది, ఆ ఎత్తే మనకున్న ఒకే ఆధారం. అన్ని వైపుల నుంచీ వెలుగు పడితే ఆ ఎత్తుకు నీడ ఉండదు, బట్టంతా ఒకే నల్లటి మైదానం. పై లైట్లు ఆపి, పక్క నుంచి బట్టకు దాదాపు సమాంతరంగా పడే ఒక్క దీపం వేయండి. ప్రతి కుట్టుకూ ఒక వైపు సన్నని మెరుపు, రెండో వైపు సన్నని నీడ లేస్తాయి. తప్పిన కుట్టు, బిగిసిన దారం, ముడి అన్నీ వరుసగా బయటపడతాయి. జరీ పనిలో దీనికి తిరగబడిన చిక్కు ఉంటుంది. నడినెత్తి లైటు జరీ మీద పడి నేరుగా కంట్లోకి కొడుతుంది. దాన్ని ఆపి పక్క దీపంతో చూస్తేనే అల్లిక కనిపిస్తుంది.

అంటే కత్తిరింపుకు నీడ పోవాలి, పరీక్షకు నీడ రావాలి. రెండూ ఒకే బల్ల మీద, కొన్నిసార్లు ఒకే పది నిమిషాల్లో. ఒక్క స్విచ్ ఇది చేయలేదు. విడి స్విచ్‌ల అసలు విలువ నా దృష్టిలో ఇదే. కరెంటు ఆదా ఆ తర్వాతి మాట.

గ్యాలరీలోకి ఎందుకు వెళ్తారు

రంగు బట్టలో ఉంటుందని అనుకుంటాం. బట్ట చేసేది ఏమిటంటే, తన మీద పడిన వెలుగులో కొన్ని పాళ్ళను మింగి మిగతావి తిప్పి పంపడం. పడిన వెలుగులోనే ఏదైనా పాలు తక్కువుంటే బట్ట దాన్ని పంపలేదు. తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలి వెలుగు ఇచ్చే చిప్, దాని మీద పసుపు పూత. రెండూ కలిసి కంటికి తెలుపు అనిపిస్తాయి. చవక రకాల్లో ముదురు ఎరుపు పాలు బాగా తక్కువ. సూర్యుడి వెలుగులో అన్ని పాళ్ళూ నిండుగా ఉంటాయి.

బట్ట ఒక మిల్లులో ఒక రంగుమందుతో, దారం వేరేచోట వేరే రంగుమందుతో అద్దినవి. రెండూ చూడటానికి ఒకే మెరూన్. ఎరుపు తక్కువైన దీపం కింద వాటి మధ్య ఉన్న తేడా బయటపడే అవకాశమే లేదు. గ్యాలరీలో పగటి వెలుగు పడగానే ఒకటి ఎర్రగా, ఒకటి గోధుమరంగుగా విడిపోతాయి. టైలరు అనుభవంతో చేసే పని శాస్త్రపరంగా నూటికి నూరుపాళ్ళు సరైనది.

రాత్రిపూట గ్యాలరీ పనికిరాదు. అప్పుడు ఒకే దీపాన్ని నమ్మకుండా, రెండు రకాల దీపాలను విడి స్విచ్‌ల మీద పెట్టుకోవచ్చు. ఒకటి పగటి తెలుపు, ఒకటి పసుపు ఛాయ. మొదటిదాని కింద చూసి, ఆపి, రెండోదాని కింద చూడాలి. రెండింటి కిందా కలిసిన రంగులు బయట విడిపోవడం అరుదు. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అనే అంకె డబ్బా మీద ఉంటే 90 కన్నా ఎక్కువున్నది రంగు చూసే దీపానికి తీసుకోండి. మామూలువి 80 దగ్గర ఉంటాయి.

దీపాలను విడదీయడం ఒకప్పుడు అసాధ్యం

ఒక దీపం ఆపితే రెండోది వెలుగుతూనే ఉండటం ఈరోజు వింత కాదు. 1870లలో పెద్ద ఇంజనీర్లకే అది తెగని ముడి. అప్పటి ఆర్క్ దీపాలను ఒకదాని వెనుక ఒకటి ఒకే తీగలో గుచ్చేవారు. అన్నీ కలిసి వెలగాలి, కలిసి ఆరాలి. విద్యుత్ వెలుగును చిన్న చిన్న విడి దీపాలుగా పంచడం కుదరని పని అని బ్రిటిష్ తపాలా శాఖ ఇంజనీరు విలియం ప్రీస్ 1879లో వాదించాడు. 1882 సెప్టెంబర్ 4న న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ కేంద్రం మొదలై ఆ వాదనను తోసిపుచ్చింది. అదే 1882లో ముంబై క్రాఫర్డ్ మార్కెట్లో విద్యుత్ దీపాలు వెలిగాయి. వాటిని వెలిగించిన కంపెనీ నిలబడలేదు. ఊరికి నిలకడైన కరెంటు రావడానికి 1905లో వచ్చిన బాంబే ఎలక్ట్రిక్ సప్లై అండ్ ట్రామ్‌వేస్ కంపెనీ దాకా ఆగాల్సి వచ్చింది. 1947 ఆగస్టు 7న దాన్ని మునిసిపాలిటీ తీసుకుంది. ఇవాళ ఫోరస్ రోడ్ మీటర్లకు కరెంటు పంపే బెస్ట్ అదే.

ఎడిసన్ చేసిన మార్పును ఒక చాల్‌ను ఊహించుకుని అర్థం చేసుకోవచ్చు. గదులన్నీ వరుసగా, ఒక గదిలోంచే ఇంకో గదిలోకి దారి ఉందనుకోండి. ఒక్కరు తలుపేసుకుంటే అందరి రాకపోకలూ ఆగిపోతాయి. ఆర్క్ దీపాల వరుస అది. ఇప్పుడు గదుల ముందు ఒక గ్యాలరీ, వెనుక ఒక గ్యాలరీ కట్టండి. జనం ముందు గ్యాలరీలోంచి తమకు నచ్చిన గదిలోకి వచ్చి, వెనుక గ్యాలరీలోకి వెళ్ళిపోతారు. ఏ గది తలుపు మూసినా మిగతా గదులకు ఇబ్బంది లేదు. ముందు గ్యాలరీ ఫేజు, వెనుక గ్యాలరీ న్యూట్రలు, గది దీపం, ముందు తలుపు స్విచ్.

ఈ బొమ్మ మనసులో ఉంటే వైరింగు దానంతటదే తెలుస్తుంది. న్యూట్రలు అన్ని దీపాలకూ ఉమ్మడి, ఒకే తీగ ఒక దీపం నుంచి ఇంకోదానికి సాగిపోవచ్చు. ఫేజు బోర్డుకు వచ్చి, స్విచ్ నుంచి స్విచ్‌కు లూపు అవుతుంది. విడిగా ఉండాల్సింది స్విచ్ నుంచి దాని దీపానికి వెళ్ళే తీగ ఒక్కటే. నాలుగు దీపాలైతే నాలుగు స్విచ్ తీగలు, ఒక న్యూట్రలు, ఒక ఎర్తు. మొత్తం ఆరు తీగలు ఒక పట్టీలో పడతాయి. కొత్తగా ఒక దీపం చేర్చాలంటే ఒక్క తీగ, ఒక్క స్విచ్ పెరుగుతాయి. ఖాళీ చోటు ఉన్న బోర్డు, కాస్త వెడల్పైన పట్టీ ముందే వేసుకోవాలని అనేది అందుకే.

▣ పెట్టెలో: ఆపినా మిణుకుమనే బల్బు

స్విచ్ ముందు తలుపు మీద కాకుండా వెనుక తలుపు మీద పెట్టారనుకోండి, అంటే ఫేజుకు బదులు న్యూట్రలు తెంపారు. దీపం ఆరుతుంది, ఎందుకంటే బయటికి దారి లేదు. కానీ ముందు తలుపు తెరిచే ఉంది. హోల్డరు దాకా 230 వోల్టులు వచ్చి నిలబడి ఉంటాయి. స్విచ్ ఆపే ఉంది కదా అని బల్బు మార్చడానికి చేయి పెడితే షాకు కొడుతుంది.

పాత గుండు బల్బుల కాలంలో ఈ తప్పు బయటికి కనిపించేది కాదు. ఎల్ఈడీ దాన్ని పట్టిస్తోంది. దాని లోపల చిన్న కెపాసిటరు ఉంటుంది. తడిగోడ ద్వారానో తీగల తొడుగుల ద్వారానో కారే అతి సూక్ష్మమైన కరెంటుతో అది మెల్లగా నిండుతుంది. నిండాక ఒక్కసారి ఖాళీ అవుతూ బల్బును మిణుక్కుమనిపిస్తుంది. మళ్ళీ నిండటం మొదలు.

మిణుకుకు ఇంకో రెండు కారణాలుండొచ్చు. స్విచ్‌లోనే చిన్న ఇండికేటరు దీపం ఉంటే దానిగుండా కాస్త కరెంటు పోతుంది. ఆపిన తీగ, నడుస్తున్న తీగ ఒకే పట్టీలో చాలా దూరం పక్కపక్కనే సాగినా ఒకదాని ప్రభావం ఇంకోదానికి అంటుతుంది. ఈ రెండూ పెద్ద ప్రమాదం కావు. న్యూట్రలు తెంపిన తప్పు మాత్రం ప్రమాదమే. ఏ కారణమో తేల్చేది టెస్టరు పట్టిన వైర్‌మన్. మీ ఇంట్లో మిణుకు కనబడితే అతన్ని పిలిచి చూపించండి, మీరు హోల్డరు విప్పకండి.

స్విచ్ "టక్" మనడం

స్విచ్‌ను మెల్లగా నొక్కినా అది మెల్లగా కదలదు, లోపలి స్ప్రింగు ఒక్క ఉదుటున విరుస్తుంది. రెండు లోహపు ముక్కలు మెల్లగా విడిపోతే వాటి మధ్య గాలిలో నిప్పురవ్వ సాగుతూ ముక్కలను కాలుస్తుంది. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జాన్ హెన్రీ హోమ్స్ 1884లో చేసిన ఆవిష్కరణ ఇదే, మనిషి వేలు ఎంత నెమ్మదైనా ముక్కలు మాత్రం వేగంగా విడిపోయే స్విచ్. మీ స్విచ్ "టక్" అనకుండా మెత్తగా వాలిపోతున్నా, లోపల చిరచిరమన్నా స్ప్రింగు నీరసించినట్టే. రోజుకు ఎన్నోసార్లు వేసి ఆపే కార్ఖానా దీపానికి అలాంటిది ఉంచకూడదు.

తిరిగే చక్రం ఆగినట్టు కనిపిస్తే

మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. చోకు పెట్టిన ట్యూబ్‌లైటు, నాసిరకం ఎల్ఈడీ ఆ ఊపుకు తగ్గట్టు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతాయి. కంటికి తెలియదు, తిరిగే వస్తువుకు తెలుస్తుంది. మామూలు మోటారు నిమిషానికి సుమారు 2,880 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 48. ప్రతి రెండు మెరుపులకు దాదాపు ఒక చుట్టు పూర్తవుతుంది, పూర్తిగా కాదు. దాంతో కత్తెర సాన పట్టే చక్రం ముందుకు దూసుకుపోతూ కూడా మెల్లగా వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించొచ్చు. సరిగ్గా లెక్క కుదిరే వేగంలో అయితే ఆగిపోయినట్టే ఉంటుంది. ఆగిందనుకుని చేయి పెట్టేవాళ్ళకు వేళ్ళు పోతాయి.

పరీక్ష సులువు. దీపం కింద ఒక పెన్సిల్‌ను వేగంగా అటూ ఇటూ ఆడించండి. మసకగా ఒకే పొర కనిపిస్తే మంచి దీపం. విడివిడి పెన్సిళ్ళు వరుసగా కనిపిస్తే అది కొట్టుకుంటున్న దీపం, దాన్ని మాళా మీదికి మార్చండి, మోటారు దగ్గర వద్దు.

మోటారుకూ దీపానికీ ఇంకో తగువు ఉంది. మిషను మోటారు, ఇస్త్రీపెట్టె, లైట్లు అన్నీ ఒకే ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్) మీద ఉంటే, ఎక్కువ కరెంటు లాగి ఎంసీబీ పడిపోయినప్పుడు గదంతా చీకటవుతుంది. అప్పటికి చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది, చేయి దాని పక్కనే ఉంటుంది. లైట్లకు వేరే సర్క్యూట్ ఉండి తీరాలి. మన దేశంలో లైట్లు, ఫ్యాన్ల సర్క్యూట్‌కు పది పాయింట్లు లేదా 800 వాట్లు మించకూడదన్నది వైరింగులో పాటిస్తూ వచ్చిన లెక్క. నాలుగు ఎల్ఈడీ పట్టీలు కలిపి 80 వాట్లు. ఇబ్బంది ఎప్పుడూ ఇస్త్రీపెట్టె నుంచే వస్తుంది, దానికి దళసరి తీగతో విడి ప్లగ్ పెట్టించుకోవాలి.

పాత చాల్‌లో బిగించేటప్పుడు

కామాటిపురలోని పాత కట్టడాల్లో మీ కప్పు పై ఇంటివాళ్ళ నేల. చెక్క దూలాలు, వాటి మీద పలకలు. ఎక్కడ పడితే అక్కడ రంధ్రం చేయడం కుదరదు. ఒక గోడ నుంచి ఇంకో గోడకు సన్నని ఇనుప యాంగిల్ బిగించి, దానికి పట్టీ లైట్లను గొలుసులతో వేలాడదీయడం మేలు. కప్పు జోలికి పోనక్కర్లేదు, ఎత్తు కూడా తగ్గుతుంది. మీటరు కిందికి దిగితే వెలుగు ఎంత పెరుగుతుందో ముందే చూశాం. మనిషి లేచి నిలబడితే తల తగలకుండా చూసుకుంటే చాలు.

పాత చెక్క బోర్డుల వెనుక రబ్బరు తొడుగు తీగలు ఇంకా ఉన్న గదులుండొచ్చు. దశాబ్దాల వేడికి ఆ రబ్బరు పెళుసై, వంచితే పొడిగా రాలుతుంది. అలాంటి తీగకు కొత్త దీపం అతికించడం ఎండు చెక్క మధ్య నిప్పు పెట్టుకోవడమే. ముందు ఆ తీగ తీసేయించండి. తీగను తీగకు మెలిపెట్టి టేపు చుట్టే అతుకులు కూడా వద్దు. వదులైన అతుకు వేడెక్కుతుంది, వేడెక్కి ఇంకా వదులవుతుంది. స్క్రూ బిగించే కనెక్టర్లు పది రూపాయల పని. ఫేజులో పోయే కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగొచ్చేదానికీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినా కరెంటు తెంపేసే ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించుకుంటే, తడి చేతుల ఇంట్లో అది నిజంగా ప్రాణం కాపాడే వస్తువు.

స్విచ్‌లన్నీ గుమ్మం దగ్గరే ఉండాలన్న రూలు లేదు. మిషను దీపానికి చేతికందే ఎత్తులో వేలాడే బెడ్ స్విచ్ పెట్టించుకుంటే లేవకుండా వేసి ఆపొచ్చు.  అది కూడా ఫేజు మీదే ఉండాలి, దాని తీగ మిషను కింద నలగకూడదు. బోర్డు మీది స్విచ్‌లను దీపాలు ఎలా ఉన్నాయో అదే వరుసలో పెట్టించండి. కిటికీవైపు దీపం కిటికీవైపు స్విచ్. చీకట్లో వెతుక్కోకుండా వేలికి అలవాటవుతుంది. ఈ పని లైసెన్సున్న వైర్‌మన్‌తోనే చేయించాలి. ఎక్కడ ఏ దీపం కావాలో నిర్ణయించాల్సింది మాత్రం అక్కడ కూర్చుని పని చేసేవాళ్ళు. వైర్‌మన్ వచ్చే ముందు రాత్రి ఒక దీపాన్ని పొడుగు తీగతో పట్టుకుని, మిషను ముందు కూర్చున్న మనిషి చుట్టూ తిప్పి చూడండి. సూది మీద నీడ పోయిన చోట గోడ మీద సుద్దతో గుర్తు పెట్టండి.

బిల్లు, గంటలు

విడి స్విచ్‌లతో బిల్లు సగమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 20 వాట్ల పట్టీలు నాలుగు తొమ్మిది గంటలు వెలిగితే ముప్పావు యూనిట్ లోపే. 750 వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్క గంట ఆగకుండా కరెంటు తీసుకుంటే అంతకన్నా కాస్త ఎక్కువే తింటుంది. వంద వాట్ల గుండు బల్బుల కాలంలో లెక్క వేరు. అవి తీసుకున్న కరెంటులో నూటికి అయిదు పాళ్ళకు అటూఇటూగా మాత్రమే వెలుగు, మిగతాదంతా గదిలోకి వేడి. ముంబై మే నెలలో నాలుగు బల్బులు వేసుకుని కుట్టడం ఎలా ఉండేదో పెద్దవాళ్ళను అడగాలి.

స్విచ్ ఎవరి చేతిలో ఉందన్నది ఈ ఊరి మిల్లు కార్మికుల బతుకును ఒకసారి మార్చేసింది. విద్యుత్ దీపం రాకముందు మిల్లు పొద్దుతో నడిచేది. పొద్దు పోతే మగ్గం ఆగాలి. దీపాలు వచ్చాక, 1905 నాటి నూలు గిరాకీ కాలంలో యజమానులు రోజుకు పదిహేను గంటల దాకా పని చేయించారు. కార్మికులు ఎదురు తిరిగారు, విచారణ సంఘాలు కూర్చున్నాయి. బట్టల మిల్లుల్లో పెద్దవాళ్ళ పని పన్నెండు గంటలు మించకూడదని చట్టం చెప్పడానికి 1911 దాకా పట్టింది. ఆ దీపం వేసే చేయీ ఆపే చేయీ పని చేసేవాళ్ళది కాదు.

ఇంటి కార్ఖానాలో స్విచ్ మన దగ్గరే ఉంది, గంటలు మాత్రం ఇప్పటికీ ఆర్డరిచ్చేవాళ్ళవే. రాత్రి ఒంటిగంట దాకా ఒకరు కుట్టాల్సి వచ్చినప్పుడు, సూది మీద ఒక్క దీపం వెలుగుతూ మిగతా గది చీకటిగా ఉండగలిగితే పిల్లలైనా నిద్రపోతారు. నేను దీన్ని సౌకర్యం అనలేను, ఒక్క గదిలో బతికే కుటుంబానికి దక్కాల్సిన కనీస హక్కు అంటాను.

కామాటిపురను రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా ద్వారా పునర్నిర్మించాలని మహారాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఎవరి గది ఎప్పుడు లేస్తుందో గానీ, కొత్త గదుల్లో తీగలు గోడల్లోనే పూడ్చిన పైపుల్లో సాగుతాయి. బిల్డర్లు సాధారణంగా గదికి కప్పు నడుమ ఒక పాయింటు, గోడకు ఒక పాయింటు గీస్తారు. పైపులు ప్లాస్టరింగుకు ముందు పడతాయి, ఆ తర్వాత ఇంకో పాయింటు కావాలంటే గోడ పగలగొట్టాలి. ఇంట్లో మిషను పెట్టే కుటుంబాలు ఇప్పుడే, నక్షా దశలోనే, సొసైటీ ద్వారా మూడు విషయాలు రాతపూర్వకంగా అడగాలి. కిటికీ గోడకు రెండు అదనపు లైటు పాయింట్లు, లైట్లకూ పవర్ ప్లగ్గులకూ విడి ఎంసీబీలు, బోర్డు నుంచి కప్పు దాకా లాగుడు తీగ వేసి ఉంచిన ఒక ఖాళీ పైపు.